మామగారి కూపన్లు, కోడలి లెక్క

మూడు పేజీల ఉత్తరం వచ్చింది. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. విషయం క్లుప్తంగా ఇదీ.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు, ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నర కిందట మామగారు రిటైరయ్యారు. అప్పటి నుంచి అత్తమామలు వీళ్లతోనే ఉంటున్నారు. ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసిన మనిషి, ఊరికే కూర్చోలేక రెండో నెలలోనే "సరుకుల సంగతి నాకొదిలెయ్యమ్మా" అన్నారు. ఈమెకూ నెత్తి మీద నుంచి ఒక పని దిగినట్టయింది. అక్కడ మొదలయ్యాయి కూపన్లు. పేపర్లో వచ్చినవి కత్తిరించి, గడువు తేదీల వారీగా కవర్లలో పెడతారు. ఫోన్‌లో నాలుగు యాప్‌లు. సరుకులొచ్చిన రోజు బిల్లు అడుగున "మీరు ఆదా చేసినది" అని ఉండే అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, డైరీలో అతికించి, రాత్రి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపిస్తారు.

ఇక ఈమె ఇబ్బందులు. ఇంట్లో పద్నాలుగు టూత్‌పేస్టులున్నాయి. పిల్లల మంచం కింద సబ్బుపొడి ప్యాకెట్లు. నెలకో కంపెనీ షాంపూ. అందులో ఒకటి పడక చిన్నవాడు వారం రోజులు తల గోక్కున్నాడు. గడువు దాటిన బిస్కెట్ ప్యాకెట్లను ఆయన చూడకుండా పారేయాల్సి వస్తోంది. యాప్‌లన్నీ ఈమె నంబరు మీదే ఉన్నాయి కాబట్టి ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్: "అమ్మాయ్, ఓటీపీ వచ్చిందా? తొందరగా చెప్పు, టైమైపోతోంది." ఖర్చు చూస్తే ఒకప్పుడు వంద అయ్యేచోట ఇప్పుడు నూట ముప్పై అయిదు అవుతోంది. భర్తతో అంటే "పోనిద్దూ, ఆయనకు కాలక్షేపం" అంటున్నారు. అత్తగారు నవ్వి ఊరుకుంటారు. ఆదా పేరుతో ఖర్చు పెరుగుతోందని ఆయనకు ఎలా చెప్పాలి, నొప్పించకుండా ఈ కూపన్ల పిచ్చి ఎలా మాన్పించాలి అని అడిగారు.

రెండో పేజీ చివర ఒక్క వాక్యం ఉంది. మొన్న చుట్టాలొచ్చినప్పుడు ఆయన "అమ్మాయి చేతిలో ఉన్నన్నాళ్లూ డబ్బు నీళ్లలా పోయింది, నేనొచ్చాకే దారిలో పడింది" అన్నారట. దాని గురించి ఆమె ఇంకేమీ రాయలేదు. వెంటనే మళ్లీ సబ్బుపొడి సంగతి ఎత్తుకున్నారు.

అమ్మా, ముందు మీ లెక్క చూస్తాను. ఎందుకంటే దాన్ని పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాలనుకుంటున్నారు, అది నిలబడదు. వంద అయినప్పుడు మీ ఇంట్లో నలుగురు. నూట ముప్పై అయిదు అవుతున్నప్పుడు ఆరుగురు. మనిషికి అప్పుడు పాతిక, ఇప్పుడు ఇరవై రెండున్నర. మధ్యలో ఏడాదిన్నర గడిచింది, ఆ లోపు ధరలు ఉన్నచోటే ఉండి ఉండవు. అకౌంట్స్‌లో జీవితం గడిపిన మనిషి మిమ్మల్ని అర నిమిషంలో తోసిపుచ్చుతారు. అప్పుడు మీరు చెప్పే మిగతా నిజాలు కూడా దానితోపాటే కొట్టుకుపోతాయి.

అలాగని ఆయన నెగ్గినట్టూ కాదు. మనుషులు ఒకటిన్నర రెట్లయితే ఖర్చు కూడా అంతే పెరగాలని లేదు. నేల తుడిచే మందు నలుగురికైనా ఆరుగురికైనా అంతే. పెద్దవాళ్లు తినేది తక్కువ. పైగా మీరు కట్టిన బిల్లుల్లో కొంత సొమ్ము ఇంకా మంచం కిందే ఉంది, కొంత చెత్తబుట్టకు చేరింది. ప్రస్తుతానికి మీ మాటకూ రుజువు లేదు, ఆయన మాటకూ లేదు. ఇద్దరూ ఎవరి అంకె వాళ్లు పట్టుకుని కూర్చున్నారు.

ఆ ఎర్ర సున్నాలో ఉన్న అంకె ఏమిటో చూద్దాం. అది వస్తువు అసలు ధరకూ, మీరు కట్టిన ధరకూ తేడా, అంతే. అదంతా మీరు ఎలాగూ పూర్తి ధరకు కొనేవారే అన్న ఊహ మీద దుకాణం వేసే లెక్క. ఉదాహరణకు మీకు కావాల్సింది 300 సరుకు. 500 దాటితే 100 తగ్గిస్తామని కూపన్ ఉంది. ఇంకో 200 పెట్టి ఏదో ఒకటి బుట్టలో వేస్తారు. కట్టేది 400. బిల్లు "100 ఆదా" అంటుంది. జేబులోంచి మాత్రం 100 అదనంగా పోయింది. ఒకే బిల్లు, రెండు కథలు. ఆ అదనపు 200లో వచ్చే నెల తప్పకుండా వాడేవే ఉంటే బిల్లు చెప్పింది నిజం. లేకపోతే జేబు చెప్పింది నిజం.

ఇంకో రకం ఉంది, దీన్ని చాలామంది చదవరు. "20 శాతం తగ్గింపు" అని పెద్ద అక్షరాల్లో, "గరిష్ఠంగా 100" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 500 కొనేసరికి ఆ 100 వచ్చేసింది. అక్కడి నుంచి 900 దాకా కొన్నా ఒక్క పైసా అదనంగా తగ్గదు. 20 శాతం కాస్తా 11 శాతమవుతుంది. మీ మామగారు దీన్ని ఇప్పటికే పట్టేసి ఉంటారని నా అనుమానం. ఆయన్ని తక్కువ అంచనా వేయకండి.

దుకాణాలు కూపన్లు ఎందుకిస్తాయన్నదీ తెలిసి ఉండాలి. కూపన్ వెతికి, దాచి, తేదీ గుర్తుపెట్టుకుని వాడే ఓపిక అందరికీ ఉండదు. ఓపిక లేనివాళ్లు పూర్తి ధర కడతారు, ఉన్నవాళ్లకు తక్కువ ధర దొరుకుతుంది. ఒకే వస్తువును ఇద్దరికి రెండు ధరలకు అమ్మడానికి ఇదొక మర్యాదైన దారి. ఆ రకంగా చూస్తే తీరికున్న పెద్దమనిషి ఇంట్లో ఉండటం మీకు లాభమే. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, కూపన్ చేతిలో ఉన్నప్పుడు మన చెయ్యే కాస్త ధారాళమవుతుంది. కేథరిన్ మిల్క్‌మన్, జాన్ బెషియర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఆన్‌లైన్ సరుకుల దుకాణంలో జరిగిన కొనుగోళ్లను పరిశీలించి 2009లో ప్రచురించారు. 10 డాలర్ల తగ్గింపు కూపన్ వాడినప్పుడు జనం సరుకుల ఖర్చు 1.59 డాలర్లు పెరిగిందని తేలింది. ఆ పెరిగింది కూడా ఎక్కువగా వాళ్లు మామూలుగా కొనని వాటి మీదే. కలిసొచ్చిన డబ్బు అనుకోగానే చెయ్యి జారుతుందన్నమాట.

ఆయన డైరీలో అతికించుకుంటున్నది మాత్రం డబ్బు కాదనుకుంటాను. 2017లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లోనే ఒక సంగతి చెప్పారు. వస్తువు వాడుకుంటే వచ్చే తృప్తి ఒకటి, బేరం కుదిరిందన్న తృప్తి వేరొకటి. ఈ రెండోదాని బలం ఎంతో తెలియాలంటే అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాల కథ చూడాలి. 2012లో వాళ్లు కూపన్లు, అస్తమానం పెట్టే సేల్స్ దాదాపు ఎత్తేసి, రోజూ ఒకే తక్కువ ధర అన్నారు. మన బుర్రకు అది న్యాయంగానే తోస్తుంది కదా. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. ఆ ఆలోచన చేసిన అధిపతి 2013 ఏప్రిల్‌లో కుర్చీ దిగాల్సి వచ్చింది, కూపన్లు తిరిగొచ్చాయి. కాబట్టి ఇదేదో మీ మామగారికొక్కరికే పట్టిన పిచ్చి కాదు. "ఉచితంగా" వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు మా ఇంట్లోనూ అటక నిండా ఉన్నాయి. మూతలు మాత్రం కనబడవు.

ఇక మీ వైపు నుంచి జరుగుతున్న ఒక పొరపాటు. గడువు దాటిన బిస్కెట్లను ఆయన చూడకుండా పారేస్తున్నానని రాశారు. ఆయన మనసు నొచ్చుకుంటుందని చేస్తున్నారు, అర్థమవుతోంది. కానీ దాని ఫలితం చూడండి. ఆయన డైరీలో లాభం గడి ఉంది, నష్టం గడి లేదు. ఎందుకు లేదంటే నష్టమంతా రాత్రిపూట నల్ల కవర్లో బయటికి పోతోంది. లెక్కల మనిషికి సగం లెక్కే అందుతుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? పద్నాలుగు టూత్‌పేస్టులు మీ కంటికి ముల్లులా గుచ్చుకుంటున్నాయి గానీ, గడువు తేదీలు ఒకసారి చూసుకోండి. నెలకు రెండు అయితే ఏడు నెలల్లో అయిపోతాయి. వాటి మీద నిజంగానే మిగిలి ఉండొచ్చు. పోయేదంతా త్వరగా పాడయ్యే వాటి మీద, ఎవరికీ నచ్చక మూల పడే వాటి మీద పోతోంది. కోపం ఒకచోట ఉంది, నష్టం ఇంకోచోట ఉంది.

మరి ఏం చేయొచ్చు?

మీవారు చెప్పినట్టు వదిలేయడం ఒకటి. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. మామగారి పొద్దు ఒక పనితో మొదలవుతోంది, ఇంటికి తాను పనికొస్తున్నానన్న ధీమా ఉంది. దానికి నెలకు కొంత పోయినా పోనిమ్మనుకునే ఇళ్లు ఉన్నాయి. కానీ మీరు అలా అనుకోలేరు. అనుకోగలిగితే మూడు పేజీలు రాసేవారు కాదు. వదిలేశానని పైకి అంటూ లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటే, ఏదో ఒకరోజు ఒక షాంపూ సీసా దగ్గర అదంతా ఒక్కసారిగా బయటపడుతుంది.

మొత్తం మాన్పించి సరుకులు మళ్లీ మీరే చూసుకోవడం ఇంకొకటి. దాంతో ఆ పని తిరిగి మీ నెత్తినే పడుతుంది. తీరిక లేకే కదా అప్పుడు వదిలారు. పైగా "నీకు చేతకాలేదు" అని ఆయనతో అన్నట్టే. దీన్ని చివరి దారిగా ఉంచుకోండి.

నాకు పనికొచ్చేలా కనిపిస్తున్నది మూడోది, అదీ రెండు దశల్లో. మొదట ఒక రెండు నెలలు ఉన్నవి ఖాళీ చేయడం. ఒక ఆదివారం మంచం కిందవీ, అల్మారాలవీ అన్నీ హాల్లో పరిచి, ఆయన్నే రాసుకోమనండి: ఏమున్నాయి, ఎన్ని, గడువు ఎప్పుడు. మీరు రాయకండి. నేరం పట్టుకున్నట్టు కాకుండా స్టాకు తీస్తున్నట్టు ఉండాలి. ఆయనకు అలవాటైన పనే. గడువు దాటినవి ఆ కుప్పలో ఉంటే ఉండనివ్వండి, ముందురోజు రాత్రి ఏరి పారేయకండి. వాటి ధర ఆయన చేతే పక్కన రాయించండి. మీరు ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

ఆ తర్వాత నెలకు ఇంత అని ఒక మొత్తం కవర్లో పెట్టి ఆయన చేతికివ్వడం. స్టాకు తీయడానికి ముందు మూడు నెలల బిల్లులు కలిపి, ఆ మూడు నెలల్లో కొన్నవాటిలో స్టాకుగా మిగిలినదాని విలువ, పారేసినదాని విలువ తీసేసి, మూడుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అదే ఆ మొత్తం. నెలాఖరుకు కవర్లో మిగిలినదే ఆదా. బిల్లు అడుగున అచ్చయినది కాదు. అది ఆయన ఇష్టం: పిల్లలకు ఏమైనా కొంటారో, అత్తగారిని ఎక్కడికైనా తీసుకెళ్తారో. అప్పుడు కూపన్ ఆయనకు పనిముట్టవుతుంది. 200 అదనంగా కొని 100 తగ్గించుకునే ముందు ఆయనే ఆగుతారు.

దీనిలోనూ ఒక ప్రమాదం ఉంది. పట్టుదలున్న మనిషి కవర్లో ఎక్కువ మిగల్చాలని పిల్లలకు కావాల్సిన వాటి దగ్గర బిగబట్టొచ్చు, ఎవరికీ నచ్చని చవక రకాలు తేవచ్చు. అందుకే ముందే ఒక చిన్న జాబితా రాసి పెట్టుకోండి: వీటికి కంపెనీ మార్చకూడదు, కూపన్ ఉన్నా లేకపోయినా ఇవే రావాలి. చిన్నవాడి షాంపూ అందులో మొదటిది. జాబితా అయిదారు మించకూడదు. ఇరవై రాశారంటే ఆయన చేయి కట్టేసినట్టే. ఇక త్వరగా పాడయ్యేవి మీరో మీవారో రెండు మూడు రోజులకోసారి తెచ్చుకుంటే, నిలవుండే సరుకులు పూర్తిగా ఆయన రాజ్యం. డబ్బు ఎవరి జీతంలోంచి వెళ్తుందన్నది మీవారితో ముందే తేల్చుకోండి. అది తేలకుండా మొదలుపెడితే మూడో నెలకే ఇంకో ఉత్తరం రాస్తారు.

ఆయన చేతే రాయించదగ్గ పుస్తకం ఇంకొకటుంది. తరచూ కొనే పదిహేను వస్తువులు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. కొన్నప్పుడల్లా తేదీ, ఎక్కడ, కిలోకో లీటరుకో ఎంత పడిందో రాయాలి. ప్యాకెట్ ధర కాదు, కిలో ధర. 900 గ్రాముల ప్యాకెట్ 180కి వస్తే కిలో 200 పడ్డట్టు. కిలో ప్యాకెట్ 190కి పక్కనే ఉంటుంది, కూపన్ మాత్రం 900 గ్రాముల దాని మీద ఉంటుంది, అయిదు తగ్గించి. తగ్గించాక 175, కిలోకు 194 పైనే. కూపన్ లేనిదే చవక! ధర అంతే ఉంచి ప్యాకెట్ బరువు తగ్గించే కంపెనీలు కూడా ఈ పుస్తకంలో దొరికిపోతాయి. రెండు మూడు నెలలు రాశాక ఏ వస్తువు ఎప్పుడు నిజంగా చవకవుతుందో పేజీ తిప్పగానే కనిపిస్తుంది. ఇలాంటి పుస్తకం నాకు అప్పజెబితే వారానికి మించి రాయలేను. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉన్నవాళ్లు వదలరు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతి. చుట్టాల ముందు ఆయన అన్న మాట. నా ఉద్దేశంలో మిమ్మల్ని ఈ ఉత్తరం దాకా తెచ్చింది అదే. టూత్‌పేస్టులు దాని తర్వాతే లెక్కకు వచ్చాయి. ఉద్యోగం, పిల్లలు చూసుకుంటూ అన్నేళ్లు మీరు నడిపిన ఇంటిని ఆయన నలుగురిలో అలా తీసిపారేశారు. ఖర్చు తగ్గిందని రేపు రుజువైనా, పెరిగిందని రుజువైనా ఆ మాట మాటే. దాన్ని కూపన్ల లెక్కతో కలపకండి. కలిపితే ఆయనకు మీరు లెక్క చెబుతున్నట్టు ఉండదు, పగ తీర్చుకుంటున్నట్టు ఉంటుంది.

చెప్పాలా వద్దా అంటే, చెబితేనే మంచిదనిపిస్తోంది, మీకు ధైర్యం ఉంటే మీరే. కొడుకు వెళ్లి చెబితే "కోడలు నా మీద చాడీలు చెప్పింది" అని మనసులో పడే వీలుంది. అయితే మీకూ ఆయనకూ మధ్య అంత చనువు లేదనుకుంటే మీవారు చెప్పడమే నయం. కాకపోతే "తనకు బాధేసింది" అని కాకుండా "నాకు నచ్చలేదు నాన్నా" అని తన మాటగా చెప్పాలి. మీరే చెబితే ఎవరూ లేనప్పుడు, రెండు ముక్కల్లో: "మామయ్యగారూ, మీరు సరుకులు చూసుకోవడం నాకు ఎంతో సాయం. కానీ ఆరోజు వాళ్ల ముందు అలా అనేసరికి చాలా కష్టమనిపించింది." అక్కడితో ఆపేయండి. ఆయన ఏదో సర్దిచెప్పబోతే వినండి, వాదించకండి. క్షమించమని అడగకపోవచ్చు. ఆ తరం మగవాళ్లు చాలామంది అడగరు. మర్నాడు ఎప్పుడూ లేనిది మీకు ఇష్టమైనదేదో తెచ్చి బల్ల మీద పెడితే అదే ఆ మాట అనుకోవాలి. అసలేమీ జరగకపోవచ్చు కూడా. అప్పుడు కూడా, ఇంకోసారి చుట్టాల ముందు అనేటప్పుడు ఆయన ఒక్క క్షణం ఆలోచిస్తారు.

స్టాకు తీయడం, కవరు, పుస్తకం, ఇవన్నీ మెల్లగా చేసుకోవచ్చు. ఓటీపీ సంగతి మాత్రం ఈ వారమే తేల్చండి. మీటింగ్ మధ్యలో ఫోన్ చిరాకు కనుక మాత్రమే కాదు. అడగ్గానే ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం మీ ఇంట్లో అలవాటైపోయింది. రేపు మోసగాడెవడో "కూపన్ గెలిచారు, ఓటీపీ చెప్పండి" అంటే ఆయన చెప్పరని ఏముంది? యాప్‌లు ఆయన నంబరు మీదికి మార్చండి. మీ కార్డు వివరాలు వాటిలో ఉంటే తీసేయండి, నెల మొత్తంలో కొంత మాత్రం వాలెట్‌లో వేసి పెట్టండి. మెసేజ్‌లో వచ్చిన కూపన్ లింకు నొక్కకూడదు, యాప్ తెరిచి అక్కడ ఉందో లేదో చూడాలి అని మీ పిల్లల చేత చెప్పించండి. తాతగారు మీ మాటకన్నా వాళ్ల మాట తొందరగా వింటారు.